బానెట్ మీది పెట్టె

పోయిన వారం శారమ్మను బోధన్ బస్టాండులో నిలబెట్టి వదిలాం. బోధన్‌లో ఉంటూ నిజామాబాద్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే శారమ్మ ఎనిమిదేళ్లు కూర్చుని చిన్న గాజు గొట్టంలో ఒక పరికరం తయారు చేసింది. ఎత్తున ఎగిరే విమానాల్లో, అంతకన్నా పైన తిరిగే అంతరిక్ష నౌకల్లో మనుషులకు కంటికి కనపడని న్యూట్రాన్లు తగులుతుంటాయి. ఎన్ని తగిలాయో లెక్కపెట్టే యంత్రాలు ఉన్నాయి గానీ అవి ట్రంకు పెట్టెంత ఉంటాయి, కరెంటు అడుగుతాయి. శారమ్మ గొట్టం జేబులో పడుతుంది, ఏమీ అడగదు. అలాంటివి పన్నెండు ఆమె బొంబాయిలోని పరీక్షా సంఘానికి పంపితే, పరీక్ష మొదలవకముందే పన్నెండింటి నిండా బుడగలు వచ్చి పాడై ఉన్నాయని తేలింది. 'కుదుపులకు ఆగవు' అని సంఘం రిపోర్టు రాసింది. శారమ్మ కోపం పట్టలేక పదమూడో గొట్టాన్ని పోస్టులో పంపింది. దానికి జవాబు రాలేదు. ఫైలు మూసే ముందు ఒకసారి చూసి రమ్మని సంఘం తన అధికారి తుకారాంను బోధన్‌కు పంపింది. ఆయన ఎక్కిన హైదరాబాదు బస్సు స్టాండులోకి మలుపు తిరిగింది. అక్కడ ఆపాం.

బస్సు ఆగింది. ముందు దిగింది తుకారాం కాదు, కండక్టరు లింబయ్య. రెండు చేతులా ఒక చెక్కపెట్టె పట్టుకుని, నిద్రపోయే పిల్లను దించినట్టు మెట్టు మెట్టూ చూసుకుంటూ దిగాడు. శారమ్మ గుర్తుపట్టింది. తను పంపిన పెట్టె అది, బొంబాయి చూసి వచ్చింది.

"పట్టుకో బిడ్డ," అన్నాడు లింబయ్య. శారమ్మ తండ్రికి స్నేహితుడు, ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. "సారు కాళ్లకాడ పెట్టుకుంటనన్నడు. నేను పెట్టనిస్తనా? గాజు సామాను సారూ, జనం తొక్కుతరు, నాకియ్యిండ్రని గుంజుకున్న."

శారమ్మ పెట్టెను అందుకుంది. అడుగున ఆనిన అరచేయి అక్కడే ఆగిపోయింది. సంక్రాంతి దాటి వారం కాలేదు. స్టాండులో మనుషులు గొంగళ్లు కప్పుకుని తిరుగుతున్నారు. పెట్టె అడుగు మాత్రం అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా కాలుతోంది.

"కాకా, దీన్ని ఎక్కడ పెట్టినవ్?"

"ఎక్కడ పెడ్త? బానెట్ మీద."

ఆ రూట్లో తిరిగినవాళ్లకు బానెట్ సంగతి చెప్పక్కర్లేదు. డ్రైవరు పక్కన, ఇంజను మీద మూసిన ఇనుప మూత అది. బస్సులో అంతకు మించిన గౌరవం ఉన్న చోటు లేదు. పురిటికి పుట్టింటికి పోయే ఆడపిల్ల, సినిమా రీళ్ల డబ్బాలు, సీలు వేసిన పరీక్ష పేపర్ల మూట, ఎవరైనా ముసలి పెద్దమనిషి. వీళ్లకే బానెట్. లింబయ్య ఒక సామానుకు బానెట్ ఇచ్చాడంటే దండేసి కుర్చీలో కూర్చోబెట్టినట్టే.

"పోయిన బతుకమ్మ ముంగట నేను నీకిచ్చిన పెట్టె?"

"గదీ గాడనే. బోధన్ల ఎక్కిచ్చిన, హైదరాబాద్ల దించిన. నడుమ ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు, మేం కూసుంటం జరుపు అని. జరుపలే. రాజలెక్క పోయింది నీ పెట్టె."

శారమ్మ నవ్వింది. స్టాండులో నలుగురు తిరిగి చూశారు. ఆపుకోవాలనుకుంది గానీ చేతకాలేదు.

"ఏంది బిడ్డ, నేను జోకేమన్న చెప్పిన్నా?"

"లేదు కాకా. బొంబాయి కాయితం వచ్చిన సంది నాకు నిద్ర పట్టలే. ఇయ్యాల పడ్తది."

అప్పుడు దిగాడు తుకారాం. యాభై దాటిన మనిషి, భుజాన సంచి, ఈ చలికి సరిపడే కోటు. పుట్టింది సరిహద్దుకు అవతల దెగ్లూరు పక్కన. తెలుగు వచ్చు, మధ్యలో మరాఠీ తగులుతుంది. దిగగానే కోటు పైజేబును ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"నమస్కార్ మేడం. ఫైలు మూయడానికి వస్తే నవ్వేవాళ్లను నేను చూడలేదు."

"నమస్కారమండీ. గొట్టాలు ఎందుకు పాడయ్యాయో ఇప్పుడే తెలిసింది. కుదుపు వల్ల కాదు, వేడి వల్ల."

చెప్పింది. తుకారాంకు తెలిసిన విషయమే, లింబయ్య కోసం మొదటి నుంచీ చెప్పింది. గొట్టంలో గట్టిపడిన గంజిలాంటి పదార్థం ఉంటుంది. దాని నిండా ఫ్రిజ్‌లో వాడే ద్రవం, కంటికి ఆనని చుక్కలుగా. ఆ ద్రవం మామూలు గాలిలో ఎప్పుడో మరిగిపోవలసింది. మరగడానికి ఒక సాకు కావాలి. గిన్నెలో నీళ్లకైతే గిన్నె గీతలే సాకు. గంజి నడుమ వేలాడే చుక్కకు గిన్నె లేదు, గీత లేదు. అందుకని మరగకుండా కాచుకుని ఉంటుంది. న్యూట్రాన్ వచ్చి పొడిచిందా, అదే సాకు, చుక్క మరిగి బుడగ అవుతుంది. గంజి దాన్ని కదలనివ్వదు. బుడగలు లెక్కపెడితే తగిలిన దెబ్బలు తెలుస్తాయి. కానీ కింద మంట పెడితే ఏ సాకూ లేకుండానే చుక్కలన్నీ మరుగుతాయి.

లింబయ్య పెట్టె వంక చూశాడు, బస్సు వంక చూశాడు.

"అంటే నేను పొయ్యి మీద కూసుండబెట్టిన్నా?"

"మంచిగనే కూసుండబెట్టినవ్ కాకా. దానికి తెల్వలే."

తుకారాం నవ్వలేదు. "కావచ్చు మేడం. వేడే కావచ్చు. కానీ విమానంలో మేం దీన్ని ఇంజను మీద పెట్టం. వేడి నిరూపిస్తే నాకు లాభం లేదు. కుదుపు మాత్రం తప్పదు. విమానం ఊపుతుంది, రాకెట్ ఇంకా ఊపుతుంది. కుదుపుకు బుడగలు రావని చూపించండి. కుదిపే మెషిన్ బొంబాయిలో ఉంది. ఇక్కడ ఏముంది?"

స్టాండు బయట రోడ్డు పొడవునా చెరకు బండ్లు నిలబడి ఉన్నాయి. గానుగ సీజను. ఫ్యాక్టరీ గేటు దాకా అదే వరస. శారమ్మ చేయి అటు చూపింది.

"అదుంది."

తుకారాం బండ్లను చూశాడు. "సాయంత్రం ఇదే బస్సుకు నేను వెళ్తాను. అప్పటికి నమ్మితే, మీ గొట్టాలు విమానం ఎక్కే పరికరాల్లో చేరతాయి. విమానంలో నెగ్గితే ఆ పైకి. నమ్మకపోతే ఫైలు మూసేస్తాను. మళ్లీ తెరిచే రివాజు మాకు లేదు."

నిజామాబాదులో ప్రిన్సిపాలు అప్పటికే వడ్రంగిని పంపి శారమ్మ ల్యాబు గది కొలిపించాడు. టైపు క్లాసుకు బెంచీలు వేయిస్తాడట. ఆ సంగతి ఆమె తుకారాంకు చెప్పలేదు.

కొత్త గొట్టాలు ఊరి బయట వ్యవసాయ క్షేత్రంలో ఉన్నాయి. అక్కడి సైంటిస్టు రామ్‌దాస్ ఆమెతో చదువుకున్నవాడు, గది ఇచ్చాడు. గదిలో మూలకు తడిగుడ్డ చుట్టిన రంజను. ఆ నీళ్ల కుండలో వేలాడదీసిన గొట్టాలు. ఎండాకాలం అంతా పాతవాటినీ ఆమె అలాగే కాపాడుకుంటూ వచ్చింది. తుకారాం తన చేత్తో ఆరింటిని ఏరుకుని, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాడు. బుడగ లేదు. మూతల మీద కాగితం అతికించి సంతకం చేశాడు.

బండి బాలన్నది. క్షేత్రం పక్క చేనులోనే చెరకు ఎత్తి బయలుదేరబోతున్నాడు. ఆ దారిలో బండ్లన్నీ టైర్లకు మారాయి. బాలన్నవి ఇంకా ఇనుప పట్టా వేసిన కట్టె చక్రాలే, అక్కడివాళ్ల మాటలో గీరెలు.

"ఇరుసుకు కట్టండి," అన్నాడు తుకారాం.

ఇరుసు అంటే గీరె తిన్న దెబ్బ మొదట తగిలే చోటు. శారమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కాదంటే భయపడ్డట్టు అవుతుంది. మూడింటిని ఇరుసుకు, మూడింటిని చెరకు మోపుల కింద కట్టింది. తుకారాం మోపుల మీదికి ఎక్కాడు.

"సారూ, గట్టిగ పట్టుకోండ్రి," అన్నాడు బాలన్న. "పోయినేడు ఒక ఇన్‌స్పెక్టర్ సారు గిట్లనే ఎక్కిండు. దిగినంక రెండు దినాలు బోర్ల పండుకున్నడు."

"నేను రోజూ విమానాల్లో తిరిగేవాణ్ని."

"విమానానికి గుంతలుంటయా సారూ?"

"ఉంటాయి. కనపడవు."

"మావి కనపడ్తయ్," అని బాలన్న ఎడ్లను అదిలించాడు.

సీజనులో ఆ బాట బాటలా ఉండదు. బరువు బండ్లు తిరిగి తిరిగి రెండు కాలువలు కోసి ఉంటాయి. వాటిలోంచి రాళ్లు లేచి ఉంటాయి. గీరె రాయెక్కి దిగినప్పుడల్లా మోపుల మీద తుకారాం లేచి పడుతున్నాడు. చేయి మాత్రం పైజేబు మీంచి తీయడం లేదు. శారమ్మ బండి పక్కన నడుస్తోంది. ఆమె చూపు ఇరుసు మీదే ఉంది.

"శారమ్మా, గవాట్ల ఏం గావాలె?" అడిగాడు బాలన్న.

"బుగ్గలు రావాలె. బుడగలు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు రావద్దు. వస్తే ఓడిపోయినట్టు. ఆనక రావాలె. అప్పుడు రాకుంటే ఓడిపోయినట్టు."

బాలన్న కొంతదూరం ఆలోచించాడు. "సమజైంది. పిల్ల పెండ్లిల ఏడ్వద్దు, అప్పగింతలల్ల ఏడ్వాలె."

పై నుంచి తుకారాం గొంతు వినపడింది. "బరోబర్."

సాగునీటి కాలువ మీది బండరాళ్ల దగ్గర బండి ఎంత ఎగిరిందంటే, మోపులకు కట్టిన తాడు తెగింది. నాలుగు గడలు జారి కింద పడ్డాయి. తుకారాం పడలేదు. ఒక గడ విరిచి నములుతూ కూర్చున్నాడు. ఇక బండిలో విరగగలిగింది ఏదీ మిగల్లేదని నమ్మకం కలిగినవాడిలా ఉన్నాడు.

పరీక్ష బండి అని వరసలోవాళ్లు ముందుకు వదిలారు. ఫ్యాక్టరీ యార్డులో బండి ఆగేసరికి చుట్టూ బండ్లవాళ్లు చేరారు. ఆఫీసరు చెరకు బండి మీంచి దిగడం వాళ్లు ముందెన్నడూ చూసినవాళ్లు కాదు. తుకారాం నడుం పట్టుకుని వంగి, ఇరుసుకు ఉన్న కట్లు తనే విప్పాడు. కాగితం చింపకుండా మొదటి గొట్టాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టాడు. ఆయన దాన్ని తిప్పాడు. రెండోది పట్టాడు. మూడోది. మోపుల కింది మూడూ అయ్యాయి.

"ఏం గాలే," అన్నాడు వెనకనుంచి ఎవరో.

"ఏం గాలేదంటే అక్క గెలిచినట్టా, సారు గెలిచినట్టా?"

"అక్క," అన్నాడు బాలన్న. "నా ఇరుసు సాక్షి."

శారమ్మ తుకారాం ముఖం చూసింది. ఆయన గొట్టాలను రుమాల్లో చుట్టాడు, తొందరపడలేదు.

"కుదుపుకు బుడగ రాలేదు. నిజం. రాయిలోనూ రాదు మేడం. ఇవి పనిచేస్తున్నందుకు ఊరుకున్నాయా, చచ్చినందుకు ఊరుకున్నాయా?"

ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. ఉదయం బస్టాండులో అడిగి ఉంటే తడబడేది. ఇప్పుడు తడబడలేదు.

"రాయి కాదని చూపిస్తా. రండి."

బాలన్న చెరకు దించాక అదే బండిలో మళ్లీ క్షేత్రానికి వచ్చారు. చెరకు చేలల్లో నేలలో ఎంత లోతున ఎంత తడి ఉందో చూడటానికి రామ్‌దాస్ దగ్గర ఒక గేజి ఉంది. దాని కొనలో న్యూట్రాన్లు విడిచే చిన్న బిళ్ల. నేలలోకి దించితే, అక్కడి నీళ్లు వాటి వేగం తగ్గిస్తాయి, తగ్గి వెనక్కి వచ్చినవాటిని యంత్రం లెక్కపెడుతుంది. పని లేనప్పుడు బిళ్ల మైనం నింపిన మందపాటి పెట్టెలో, తాళం కింద ఉంటుంది. ఈ చుట్టుపక్కల న్యూట్రాన్లు దొరికే చోటు అదొక్కటే.

రామ్‌దాస్ గచ్చు మీద సుద్దతో గీత గీశాడు. "గేజి బయట ఉన్నంతసేపు ఎవ్వరు గీత దాటొద్దు."

తుకారాం ఆగమన్నాడు. కోటు విప్పి, మడిచి, గదిలో కాక బయట వేపచెట్టు దగ్గర విప్పి నిలిపిన బండి దాకా నడిచి, కాడికి తగిలించి వచ్చాడు. ఇంత చలిలో కోటు ఎందుకు విప్పాడో శారమ్మకు అర్థం కాలేదు. అడిగే వేళా కాదు.

బండి మీద తిరిగిన ఆరింటిలో మూడింటిని గేజికి జానెడు దూరంలో, మూడింటిని అవతలి గోడ వార పెట్టారు. రామ్‌దాస్ బిళ్లను పెట్టెలోంచి బయటికి లాగి వెనక్కి వచ్చాడు. శబ్దం లేదు, వెలుగు లేదు. బాలన్న గుమ్మంలో నిలబడి మెడ సాచాడు.

"మొదలైందా?"

"అయింది," అంది శారమ్మ.

"ఏం గొడ్తలేదు గద."

"కొట్టదు కాకా."

చాలాసేపటికి రామ్‌దాస్ బిళ్లను లోపలికి నెట్టి తాళం వేసి తల ఊపాడు. శారమ్మ గీత దాటి వెళ్లింది. దగ్గరి మూడింటిలో ఒకదాన్ని తీసింది. తను చూడలేదు. తెచ్చి తుకారాం చేతిలో పెట్టింది.

ఆయన కిటికీకి ఎత్తాడు.

గంజి నిండా ఆవగింజలు చల్లినట్టు బుడగలు. తుకారాం పెదవులు కదులుతున్నాయి. లెక్క తప్పి మళ్లీ మొదటికి వచ్చాడు. రెండోది తెమ్మన్నాడు. దానిలోనూ అంతే. గోడ వార ఉన్నవి తెప్పించి చూశాడు. ఖాళీ.

"అప్పగింతలైనయి," అన్నాడు బాలన్న, సంగతి తేలిపోయినట్టు.

తుకారాంకు ఇంకా తేలలేదు. గోడ వారవాటిని గేజి దగ్గర, గేజి దగ్గరివాటిని గోడ వార పెట్టించాడు. ఖాళీగా ఉన్నవాటిలోనూ బుడగలు వచ్చాయి. అంతకుముందు వచ్చినవి గోడ దగ్గరికి వెళ్లాక ఒక్కటీ పెరగలేదు. అప్పుడు శారమ్మ మిగతా గొట్టాలను బయటికి పంపి, మూలనున్న రంజనును ఎత్తుకొచ్చి, గేజికీ, కొత్తగా తీసిన ఒక గొట్టానికీ నడుమ పెట్టింది. ఇంకో కొత్త గొట్టాన్ని చాటు లేకుండా పక్కన పెట్టింది. నిండా నీళ్లు. బిళ్ల మళ్లీ బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. నీళ్ల చాటున ఉన్న గొట్టంలో ఎక్కడో ఒకటీ అరా బుడగలు తేలాయి. చాటు లేనిదాన్లో లెక్కపెట్టలేనన్ని.

"వేడి అయితే, కుదుపు అయితే, కుండకు భయపడదండీ," అంది శారమ్మ. "నీళ్లకు ఆగేది న్యూట్రానే. ఈ క్షేత్రం వాళ్ల యంత్రం కూడా ఆ నమ్మకం మీదే నడుస్తుంది."

తుకారాం సంచిలోంచి సంఘం రిపోర్టు తీశాడు. బల్ల మీద పరిచి, 'కుదుపులకు ఆగవు' అన్న చోట అడ్డగీత కొట్టాడు. పక్కన రాసి, ఆమె చదవడానికి తిప్పాడు. 'వేడికి దూరంగా ఉంచాలి. కుదుపు బాధ లేదు. బోధన్‌లో కట్టె గీరెల ఎడ్లబండి ఇరుసుకు కట్టి పరీక్షించడమైనది. విమానానికి తగినవి.' కింద సంతకం.

శారమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి. చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని, రంజను మీద చేయి వేసి నిలబడింది. ప్రిన్సిపాలు వడ్రంగి గుర్తొచ్చాడు. బెంచీలు వేరే గదిలో వేసుకోవలసి ఉంటుంది.

"ఏడ్వు బిడ్డ, ఏం గాదు," అన్నాడు బాలన్న. "టైముకే ఏడుస్తున్నవ్."

తుకారాం బయటికి వెళ్లి కోటు తెచ్చుకున్నాడు. పైజేబులోంచి దూది చుట్టిన దాన్ని తీసి విప్పాడు. శారమ్మ గొట్టమే. పోస్టులో పంపిన పదమూడోది.

"ఇది వచ్చినప్పుడు ఒక్క బుడగ లేదు. నా డ్రాయర్లో ఇన్ని దినాలు పడి ఉంది, అప్పుడూ లేదు. ఫైలు మూయడానికి నన్నే పంపమని అడిగింది నేనే మేడం. నిన్న బొంబాయిలో విమానం ఎక్కేటప్పుడు దీన్ని జేబులో వేసుకున్నా. బొంబాయి నుంచి హైదరాబాదుకు, ఆ ఎత్తున, ఎన్ని రావాలి?"

ఆమె ఆ లెక్క ఎన్నోసార్లు వేసింది. "ఒకటి. మహా అయితే రెండు."

తుకారాం గొట్టం ఆమెకు ఇచ్చాడు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. లెక్కపెట్టింది. గొట్టాన్ని తిప్పి మళ్లీ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది."

"హైదరాబాదులో దిగినప్పుడూ పంతొమ్మిదే. బస్సులో పెరగలేదు, మీ బండి మీద పెరగలేదు. ఇందాక గేజి దగ్గర పెరగకూడదనే బయట పెట్టి వచ్చా. పొద్దున దాకా నా మనసుకు ఒక సమాధానం ఉండింది. గొట్టం మంచిది కాదు, అంతే అని. ఆ సమాధానం ఇవాళ మీరు తీసేశారు." ఆయన రిపోర్టును సంచిలో పెట్టాడు. "గొట్టం నిజం చెబుతోందని నేను సంతకం పెట్టాను. అయితే నిన్న ఆకాశంలో ఏదో జరిగింది. లేకపోతే ఆ విమానంలో ఏదో ఉంది."

"ఆ విమానం ఇప్పుడు ఎక్కడుంది?"

"హైదరాబాదులోనే. రేపు పొద్దున తిరుగు ప్రయాణం. నేను ఎక్కుతున్నా. ఒక గొట్టం చాలదు. ముందు, వెనక, సామాన్ల పక్కన, అన్ని చోట్లా పెట్టాలి. చూసేవాళ్లు కావాలి. మీరు రావాలి మేడం."

శారమ్మ విమానాన్ని దగ్గర నుంచి చూసింది లేదు. తలెత్తి చూసింది అంతే. ఏం అడగాలో తోచక, "రంజను ఎక్కనిస్తారా?" అంది.

"మాట్లాడతా," అన్నాడు తుకారాం.

స్టాండుకు వచ్చేసరికి లింబయ్య బస్సు ఇంజను ఆడుతోంది. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నవాడు శారమ్మ చేతిలో పెట్టె చూడగానే అలవాటుగా రెండు చేతులూ చాచాడు. చాచినవాడే మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏడ పెడ్తవ్ మరి?"

"నా ఒళ్లో పెట్టుకుంట కాకా."

"బానెట్ ఖాళీ ఉంటది గద. నాకు మనసున పట్టది."

"సారును కూసుండబెట్టు. కుదుపులకు ఆగిండు. వేడికి ఆగుతడో లేదో చూద్దాం."

తుకారాం అప్పుడు నవ్వాడు. వెళ్లి బానెట్ మీదే కూర్చున్నాడు.

బస్సు ఊరు దాటింది. ఆరు గొట్టాలు పెట్టెలో ఉన్నాయి, మిగతావి తడిగుడ్డ చుట్టిన రంజనులో కాళ్ల దగ్గర ఉన్నాయి. పదమూడోది చేతిలో ఉంది. శారమ్మ దాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. పంతొమ్మిది బుడగలు, ఒక్కటీ కదలలేదు. వాటి వెనక చెరకు చేలు, చేల పైన ఆకాశం. ఆకాశంలో చూడటానికి ఏమీ లేదు. రేపు పొద్దెక్కేసరికి తను అక్కడ ఉంటుంది.